రెండు జానలు ఎక్కువ

...అయినా తన చెయ్యి మొరటుదని తనకు మొదట చెప్పిందెవరు?

కారు వెనక సీట్లో అద్దానికి తల ఆనించి చిట్టి అదే తవ్వుకుంటోంది. ఎవరూ చెప్పలేదేమో. తనే అనుకుంది, తనే నమ్మింది, చివరికి ఎవరైనా మెచ్చుకోబోయేలోపే "నాది సమ్మెట చెయ్యి లెండి" అని తనే నవ్వేసేదాకా వచ్చింది. దొంగతనం అంటగడితే ఎంత నెమ్మదస్తుడైనా సాక్ష్యం ఏదని అడుగుతాడు. చేతకానితనం అంటగడితే మాత్రం ఎందుకో అడగడు. అవునవునని ముందే ఒప్పేసుకుని, ఒప్పుకున్నందుకు తాను చాలా మంచివాణ్ణని కూడా అనుకుంటాడు.

"వెనకాల నిద్రపోయావా ఏంటే?" ముందు సీట్లోంచి వదిన.

"లేదు వదినా."

"మరి ఆ మౌనమేంటి? కీబోర్డు కొనడానికి వెళ్తున్నామా, పన్ను పీకించుకోడానికా?"

కారు నడుపుతున్న అన్నయ్య గట్టిగా నవ్వాడు. చిట్టీ నవ్వింది. నవ్వాక, ఎందుకు నవ్వానా అని చూసుకుంది. వారం రోజులుగా ఆమెకు ఈ జబ్బు పట్టుకుంది. ఏ చిన్న పని చేసినా, అది చేసింది తనా, లేక తనలో ఎప్పుడో కాపరం పెట్టేసిన ఇంకో మర్యాదస్తురాలా అని వెనక్కి తిరిగి చూసుకోవడం.

కొనేది చిట్టి. ఎంచేది మాత్రం తనేనని అన్నయ్య నమ్మకం. అందులో అతని తప్పేం లేదు. స్టూడియో అతనిది, సంగీత దర్శకుడిగా తెర మీద పడే పేరు అతనిది. నలభై దాటినా చిట్టి అనే పిలిపించుకునే చెల్లెలు ఆ స్టూడియోలో గోడకీ బీరువాకీ మధ్య మూలన ఒక చిన్న కీబోర్డు పెట్టుకుని 'ప్రోగ్రామింగ్' చేస్తుంది. అన్నయ్య అటూ ఇటూ తిరుగుతూ రెండు వరుసలు కూనిరాగం తీస్తాడు, తక్కినదంతా ఆమె కడుతుంది. ఆ రెండు వరుసలు కూడా లేని రోజులు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎత్తరు.

స్టూడియోలో నిజం పియానో లేదు. కంప్యూటర్లో ఉంది. ఎక్కడో ఒక పెద్ద హాల్లో ఎవరో ఓపిగ్గా ఒక పియానో ముందు కూర్చుని, ఒక్కొక్క మెట్టునీ ఊపిరి తగిలినంత మెల్లగా మొదలుపెట్టి గుద్దినంత గట్టి దాకా రకరకాల బలాలతో నొక్కి, ఆ పలుకులన్నీ రికార్డు చేసి దాచారు. అదే ఆమె శాంపిల్ లైబ్రరీ. కీబోర్డుకు సొంత గొంతు ఉండదు. ఏ మెట్టు, ఎంత బలంగా నొక్కారో కంప్యూటరుకు చెప్పడమే దాని పని. ఆ బలానికి తగిన పలుకును లైబ్రరీ వెతికి తీసి వినిపిస్తుంది.

చిట్టి ఎంత మెల్లగా నొక్కినా తెర మీద బలాన్ని చూపే గీతలు నిటారుగా లేచేవి. వాయించడం అయ్యాక మౌసు పట్టుకుని ఆ గీతల్ని ఒక్కొక్కటీ కిందికి లాగేది. ఆ పనికి స్టూడియోలో పేరు కూడా ఉంది: ఊడుపు. "చిట్టీ, ఊడుపు అయిందా?" అని అన్నయ్య అడిగేవాడు. "ఇంకాస్త ఉందన్నయ్యా" అనేది ఆమె. ఏళ్ళ తరబడి ఊడ్చింది. ఊడ్చిన సంగీతం శుభ్రంగానే ఉండేది. కానీ తనంతట తగ్గించుకున్న గొంతుకూ, నోరు నొక్కి తగ్గించిన గొంతుకూ తేడా తెలిసిపోతుంది కదా.

ఆ తేడా పసిగట్టింది ఒక దర్శకురాలు. లిఫ్టు నడిపే మనిషి మీద సినిమా తీసింది. మాటలు చాలా తక్కువ. సంగీతం అంతా ఒక్క పియానోయే కావాలంది, వయొలిన్లు వద్దు, డ్రమ్ములు వద్దు. నమూనా వినిపిస్తే కళ్ళు మూసుకుని విని, "లిఫ్టు తలుపు ఎవరో బయటనుంచి గుద్దుతున్నట్టుందండీ" అంది. ఇంకో వారం గడువిచ్చి, అప్పటికీ ఇలాగే ఉంటే వేరేవాళ్ళని చూసుకుంటానని చెప్పి వెళ్ళింది. "ఏముంది, కింద నాలుగు వయొలిన్లు పరిచేద్దాం, కప్పేస్తాయి" అన్నాడు అన్నయ్య.

ఆ మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్ళినప్పుడు చిట్టి లైబ్రరీ తెరను తదేకంగా చూస్తూ కూర్చుంది. బలాన్ని బట్టి వెలిగే చిన్న దీపాల వరుస ఒకటుంది అందులో. మెల్లగా నొక్కింది. పైవి వెలిగాయి. ఇంకా మెల్లగా నొక్కింది. పైవే. అడుగున ఉన్న నాలుగు దీపాలు వెలగగా తను ఒక్కసారైనా చూసిందా అని గుర్తు చేసుకుంది. చూడలేదు. అప్పుడు, తన జీవితంలో మొదటిసారి, ఆ చిన్న కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళింది. స్టూడియోలో సెట్టింగులన్నీ అన్నయ్యవి. ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. ఆమెకే చెయ్యి వెళ్ళలేదు.

"ఓ, అదా!" అన్నాడు అన్నయ్య, భోజనం చేసి వచ్చాక. "కొన్న రోజునే పెట్టా. కాస్త తగిలితే చాలు, గట్టిగా పలికేలా. నాకు అలా ఉంటేనే ఊపు. నీకు చెప్పలేదూ?"

"చెప్పలేదు."

"చెప్పే ఉంటాన్లే."

అంతే. ఆమెకు ఒళ్ళు మండింది ఆ సెట్టింగు మీద కాదు. చెప్పే ఉంటాన్లే అన్న మాట మీద. ఆ ఒక్క మాటతో తప్పు మళ్ళీ ఆమె జ్ఞాపకశక్తిది అయిపోయింది, ఆమె నోటిదాకా వచ్చింది కూడా, "అవునేమో, నేనే మర్చిపోయానేమో" అని. ఆ మర్యాదస్తురాలి మాట. చిట్టి పళ్ళు బిగపట్టి దాన్ని మింగేసింది.

సెట్టింగు మార్చి వాయిస్తే అడుగు దీపాలు వెలిగాయి. ఎన్నో ఏళ్ళుగా తన దగ్గరే ఉన్నా తను వినని పియానో అది. వానాకాలపు గది చల్లదనంలా ఉంది ఆ పలుకు. కానీ మరో చిక్కొచ్చింది. చిన్న కీబోర్డు మెట్ల కింద ఉన్నవి ఉత్త స్ప్రింగులు. మెల్లదనానికీ మోస్తరు బలానికీ నడుమ వేలు నిలదొక్కుకునే చోటు లేదు, పరుపు మీద నడిచినట్టుంది. బరువున్న మెట్లు కావాలి. నిజం పియానోలోలాగా నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి లేచి పడాలి. పైగా మొత్తం ఎనభై ఎనిమిది ఉండాలి. లిఫ్టు నేలమాళిగ దాకా దిగే సినిమాకు కింది మెట్లు లేకుండా ఎలా?

"కీబోర్డు కొంటానన్నయ్యా" అంది మర్నాడు. అడగలేదు, చెప్పింది.

"దానికేం, నేనూ వస్తా" అన్నాడు అన్నయ్య. "నీకేం తెలుసు వాటి గురించి?"

*

షాపులో ఏసీ చల్లగా ఉంది. గోడల నిండా గిటార్లు. షాపతను పలకరించింది అన్నయ్యను. "ఎవరికి సార్, పిల్లలకా?"

"నాకు" అంది చిట్టి.

"నేర్చుకుంటున్నారా అమ్మా? చాలా మంచిది. వయసుతో పనేముంది!"

వదిన ఫక్కున నవ్వింది. "నేర్పించేవాళ్ళకే నేర్పిస్తుంది బాబూ, నువ్వు చూపించు ముందు."

అన్నయ్య అప్పటికే ఒకదాని ముందు నిలబడిపోయాడు. నడిమి సైజుది. కుడివైపు రంగురంగుల ప్యాడ్లు, వరసగా తిప్పుడు బిరడాలు, ముట్టుకుంటే చాలు దీపాలు. "చూడు చిట్టీ, విమానంలా ఉంది! మూలలో సరిగ్గా పడుతుంది కూడా."

చిట్టి వెళ్ళి ఒక మెట్టు నొక్కింది. స్ప్రింగు. "ఇది వద్దు" అని ముందుకు నడిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

షాపతను ఆమెను స్పీకర్లున్న ఒక పెద్ద పియానో దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇందులో అన్నీ ఉన్నాయమ్మా. ఫ్లూటు, వీణ, వాన చప్పుడు కూడా." మెట్లు బాగానే ఉన్నాయి. కానీ లోపలి నుంచి వచ్చే గొంతు ఎవరిదో. తన లైబ్రరీది కాదు. పైగా ఆ డబ్బంతా తను ఎన్నడూ నొక్కని వాన చప్పుడుకు పోతోంది. అక్కణ్ణుంచి కదిలింది.

వెనక గోడ దగ్గర రెండున్నాయి. రెండూ పూర్తి సైజువి, నల్లవి, స్పీకర్లు లేనివి. ఒకదానికి దుమ్ము గుడ్డ కప్పి ఉంది.

"అవి ఉత్త కంట్రోలర్లమ్మా. కంప్యూటరుకు తగిలిస్తేనే. వాటిలో ఏమీ ఉండదు. ఉండండి, వైర్లు తెప్పిస్తా, వినిపించాలంటే—"

"అక్కర్లేదు" అంది చిట్టి. "ఇలాగే చూస్తాను."

స్టూలు లాక్కుని మొదటిదాని ముందు కూర్చుంది. కరెంటు లేదు, శబ్దం లేదు. కళ్ళు మూసుకుని నొక్కింది. మెట్టు మొండికేసింది. కదిలింది గానీ ఇష్టపడి కదలలేదు. పది నిమిషాలు వాయిస్తే మణికట్టు పట్టేస్తుంది. పైగా నల్ల మెట్ల మధ్యలోకి వేలు దూర్చి తెల్ల మెట్టును లోపలివైపు నొక్కితే రాయి. చేయి చిన్నదైన మనిషికి తీగల్లాంటి వరసలు వాయించేటప్పుడు వేళ్ళు అక్కడికే పోతాయి. ఎవరి చేతిని కొలిచి చేశారో గానీ తన చేతిని కాదు.

రెండోదాని గుడ్డ తీసింది.

కింది మెట్టును వేలితో కాదు, వేలి బరువుతో నొక్కింది. లోపల ఏదో చిన్నగా లేచింది. అడుగుకు చేరబోయేముందు సన్నటి గంటు, గడప దాటినట్టు. ఆ గంటు దగ్గరే ఆగింది. ఆగగలిగింది! ఇంకా కొంచెం, పలికీ పలకనంత. అదే మెట్టును గబగబా కొట్టింది, ప్రతిసారీ తిరిగి వేలి కిందికి వచ్చేసింది. నల్ల మెట్ల మధ్యలోకి వెళ్ళింది. అక్కడా లొంగింది. కింద బరువుగా, పైకి పోయేకొద్దీ తేలిగ్గా. ఆమె సినిమాలోని లిఫ్టు వరసను మొదలుపెట్టింది. గది నిండా వినిపించింది ఉత్త మెట్ల టకటక. ఆమెకు వినిపించింది అది కాదు.

"వాయిస్తోందా, పిండి పిసుకుతోందా?" అంది వదిన మెల్లగా.

ఇద్దరు కుర్రాళ్ళు గిటార్లు దింపి చూస్తున్నారు. శబ్దం రాని పెట్టె ముందు నడివయసు ఆవిడ కళ్ళు మూసుకుని ఊగుతోంది. పాత చిట్టి అయితే ఈపాటికి లేచి, చీర సర్దుకుని, ఊరికే చూశానంతే అనేది. ఇప్పుడు మాత్రం వరస అయ్యేదాకా లేవలేదు.

"ఇదే" అంది.

అన్నయ్య వచ్చి దాని ఈ కొస నుంచి ఆ కొస దాకా జానలు వేశాడు. వేస్తున్నకొద్దీ, వంక దొరికినట్టు, అతని మొహం తేటపడింది. "మూలలో పట్టదే. రెండు జానలు ఎక్కువ."

"తెలుసు."

"తెలిస్తే మరి? కాస్త చిన్నది తీసుకో. ఆ కొస మెట్లు ఎవడు ముట్టుకుంటాడు?"

"నేను."

"సరే, ముట్టుకుంటావ్. ఎక్కడ పెడతావ్?"

చిట్టి సమాధానం చెప్పడానికి నోరు తెరిచి, అది ఎంత పెద్ద మాటో అప్పుడు చూసింది. స్టూడియో మధ్యలో ఉన్న పెద్ద బల్ల అన్నయ్యది. రెండు స్పీకర్లూ ఆ బల్ల వెనక కూర్చున్న తలకే గురి. అక్కడ కూర్చున్నవాళ్ళకే శబ్దం ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. మూలలో కింది స్వరాలు గోడలకు కొట్టుకుని గుమ్మంటాయి. ఆ గుమ్ము నిజమనుకుని ఇన్నేళ్ళూ ఆమె కింది స్వరాలను కోసి పారేసింది.

"మధ్యలో" అంది.

అన్నయ్య నవ్వాడు. ఆమె నవ్వడంలేదని చూసి ఆపేశాడు. "నా బల్ల మీదా?"

"మీ బల్ల మీద మీరు చేసేది కాఫీ తాగడమే కదండీ" అంది వదిన గిటారు తీగ ఒకటి మీటుతూ. ఎవరి పక్షమో ఆవిడకే తెలియాలి.

"నువ్వాగు." అతను గొంతు తగ్గించాడు, ఎంతో ప్రేమగా. "చిట్టీ, ఒకటి చెప్పనా? ఇది తీసుకెళ్ళి నీ గదిలో పెట్టుకో. ఎవరూ కదిలించరు, నీ ఇష్టమొచ్చినంత సేపు వాయించుకో. స్టూడియోకి ఆ విమానం కొందాం. ఇద్దరికీ బాగుంటుంది."

ఆమె తల కిందికి దిగడం మొదలైంది. సరే అన్నయ్యా అనే ఊపు. సగం దాకా దిగాక ఆమెకు తెలిసింది, తన తల ఊగుతోందని. ఎంత అలవాటైన దారి! ఏ ఆలోచనా లేకుండా మెడ దానంతటదే వెళ్ళిపోతుంది. గదిలో పెడితే అది సరదా. స్టూడియోలో పెడితే పని. గదిలో ఎంత మెత్తగా వాయించినా, తెల్లారి మూలకు వచ్చి ఊడ్చాలి.

సగంలో ఉన్న తలను అక్కడే ఆపి, పైకెత్తింది.

"వద్దు" అంది. "బాబూ, ఇది ప్యాక్ చెయ్యండి."

తిరుగు ప్రయాణంలో కార్లో పన్ను గురించి ఎవరూ జోకులెయ్యలేదు.

*

మర్నాడు పొద్దున షాపువాళ్ళు ఇద్దరు పెట్టెను మోసుకొచ్చారు. దర్శకురాలు మధ్యాహ్నానికి వస్తానని కబురు పెట్టింది.

"ఎక్కడ దించమంటారు?"

"అదిగో, ఆ గోడకి నిలబెట్టండి. తర్వాత చూద్దాం" అన్నాడు అన్నయ్య.

"బల్ల మీద" అంది చిట్టి.

వాళ్ళు ఇద్దరి మొహాలూ చూశారు. బరువుకు ఒకతని మెడ నరాలు తేలుతున్నాయి.

"ఏదో ఒకటి తేల్చండయ్యా, వాళ్ళ చేతులు ఊడొచ్చేలా ఉన్నాయి" అంది గుమ్మంలోంచి వదిన.

చిట్టి బల్ల దగ్గరికి వెళ్ళి అన్నయ్య కప్పు, కళ్ళజోడు, హెడ్‌ఫోన్లు, ఎప్పుడో ఎవరో ఇచ్చిన గాజు జ్ఞాపిక అన్నీ రెండు చేతుల్లోకి తీసుకుని, మూలన తన చిన్న బల్ల మీద వరసగా పెట్టింది. జ్ఞాపిక జారబోయింది, పడలేదు. షాపువాళ్ళు ఖాళీ అయిన చోట కీబోర్డు దించేసి, ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయారు.

అన్నయ్య అరుస్తాడనుకుంది, దానికి మాటలు సిద్ధం చేసుకుంది కూడా. అతను మాత్రం వచ్చి తన కుర్చీలో కూర్చుని, ఆమె వైరు తగిలించేదాకా ఆగి, రెండు చేతులతో పది మెట్లు ఒక్కసారే గుద్దాడు. స్పీకర్లు దద్దరిల్లాయి. అతని మొహం విప్పారింది.

"అబ్బ! ఏం పలుకుతోందే! నువ్వన్నది నిజమే చిట్టీ. సరే, ఇది ఇక్కడే ఉండనీ. ఇది నేను వాడతా. నువ్వు మూలన నీ దాంతో ప్రోగ్రామింగ్ చూసుకో."

అంత అమాయకంగా అన్నాడు. ఆమెకు క్షణంపాటు నవ్వొచ్చింది కూడా. అతను లాక్కోవడం లేదు. లాక్కోవడానికి అవతల ఇంకొకరు ఉన్నారని తెలియాలి కదా.

"లే అన్నయ్యా" అంది.

"ఆఁ?"

"ఇది నాది. నేను కూర్చుంటాను."

"ఏంటే ఈ చిన్నపిల్లల పేచీ? ఆవిడ వచ్చేసరికి ఈ బల్ల ముందు నేనుండాలి. ఎవరు సంగీత దర్శకుడనుకుంటుంది?"

"ఎవరు వాయిస్తే వాళ్ళనుకుంటుంది."

అతని మొహంలో కోపం వచ్చింది, దాని వెనకే ఇంకేదో. భయం కావచ్చు. ఆ భయాన్ని చూడగానే ఆమెలోని మర్యాదస్తురాలు పరుగెత్తుకొచ్చింది, పోనీలే అనడానికి. చిట్టి ఆమెను గుమ్మంలోనే ఆపేసింది. జాలి పడింది, నిజమే. జాలి పడుతూనే కదలకుండా నిలబడింది. రెండూ ఒకేసారి చేయవచ్చని ఆమెకు ఇంతవరకు తెలియదు.

అన్నయ్య ఫోను మోగింది. దర్శకురాలే. ఫోను వస్తే కూర్చుని మాట్లాడటం అతని వల్ల కాదు. లేచి, "ఆఁ, రండి మేడమ్, రండి" అంటూ కిటికీ దగ్గరికి నడిచాడు.

చిట్టి కుర్చీలో కూర్చుంది.

నడిమి మెట్టు ఒకటి నొక్కింది. శబ్దం నిజంగానే రెండు వైపుల నుంచీ సమానంగా వచ్చి నుదుటి మధ్యలో కలిసింది. కింది స్వరం ఒక్కటి నొక్కింది, పలికీ పలకనంత. గుమ్ము లేదు. అడుగు దీపం ఒక్కటే వెలిగింది. కిటికీ దగ్గర అన్నయ్య మాట ఆపి వెనక్కి చూశాడు.

"బయల్దేరిందట. లే చిట్టీ, నేను వాయిస్తా" అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. గొంతులో అధికారం లేదు, అలవాటుంది. అదే ఎక్కువ బరువు. వచ్చి పక్కన నిలబడ్డాడు, ఆమె లేస్తుందని.

చిట్టికి తను ఎలా కూర్చుందో తెలిసింది. కుర్చీ అంచున, మడమలు నేలకు ఆనకుండా, ఎవరి ఇంట్లోనో వరండాలో కూర్చున్నట్టు. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఈ ఎత్తు నుంచి వాయిస్తే బరువంతా మళ్ళీ చేతుల్లోకే దిగుతుంది. అన్నయ్య పొడుగు మనిషి. కొన్ననాటి నుంచీ ఆ కుర్చీ ఎత్తు ఎవరూ మార్చలేదు.

ఆమె వెనక్కి జరిగి వీపు ఆనించింది. వంగి, సీటు కింద చేత్తో తడిమి, మీటను పట్టుకుని నొక్కింది. కుర్చీ బుస్సుమంటూ ఆమె ఎత్తుకు దిగింది.